నిర్వహణసంధియుఁ బ్రేక్షకుల వివాదమును

కావ్యారంభ మెట్లుండవలెనో మనవారు విపులముగాఁ జెప్పిరి. ఆశీర్వాదమో, నమస్కారమో, వస్తునిర్దేశమో ముందుండవలెనని పాఠశాలలోని చిన్నతరగతి బాలుఁడు సైతము చెప్పఁగలఁడు. అవసాన మెట్లుండవలెనని యడిగినచో నా బాలుఁడే కాదు, వానికిఁ బాఠము చెప్పు పండితుఁడును గొంత తడవుకొనును. ఫలశ్రుతి చదివి, హారతి యిచ్చి, పుస్తకమును వస్త్రమునఁ గట్టిపెట్టుట మన యలవాటు. ఆ కట్టిపెట్టుటలో నెంత వివాదము దాఁగియున్నదో చాలకాలము నేనును దలఁపలేదు.

2019వ సంవత్సరము మే నెలలోఁ గరీంనగరమున మా యింట నొక వాగ్వాదము జరిగినది. ఇంజనీరుగా నున్న నా మేనల్లుఁడును, నిర్మలులో నుపాధ్యాయుఁడుగా నున్న వాని స్నేహితుఁడును మూఁడు రాత్రులు నిద్ర మాని పోరాడిరి. అది యాస్తితగవు కాదు. ఎన్నికల ముచ్చటయుఁ గాదు. ఒక కథ ముగిసిన తీరునుగూర్చిన జగడము. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" అను నాంగ్లధారావాహిక యొకటి 2011 ఏప్రిల్ 17న అమెరికాలో మొదలై, ఎనిమిది విభాగములుగా, మొత్తము 73 భాగములుగా నడచి, 2019 మే 19న ముగిసినది. నిప్పులు గ్రక్కుచు నెగురు మహాసర్పములు, చచ్చి మరల లేచిన సైన్యము, ఏడు రాజ్యములకు నొక్క యినుపసింహాసనము. ఇవి యందలి సామగ్రి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అను గ్రంథకర్త నవలలు దానికి మూలము. మొదటి సంపుటము 1996లోను, ఐదవది 2011లోను వెలువడినవి. గ్రంథకర్త కథను ముగింపకమునుపే ధారావాహిక మూలమును దాఁటిపోయెను. తుదిని రూపించు భారము దాని నిర్మాతలగు బెనియాఫ్, వైస్ అను నిరువురిమీఁదఁ బడెను. ఆ తుది పెక్కండ్రకు నచ్చలేదు. కథ ముగియుచుండఁగానే, చివరి విభాగమును సమర్థులగు రచయితలచే మరల వ్రాయింపవలెనని కోరుచు 15 లక్షలకు మించిన జనులు విజ్ఞాపనపత్రమునఁ జేవ్రాలు చేసిరి.

ఇట్టి పత్రికలో నిట్టి ప్రస్తావనయా యని కొందఱు బొమలు ముడివేయుదురు. నేనును మొదట నట్లే ముడివేసి, పనిలేని విచారమంటిని. అందుకు మేనల్లుఁడు, "మామయ్యా, ఈ ముగింపు తప్పో యొప్పో చెప్పుటకు మీ శాస్త్రములో సూత్రము లేదా? లేకున్న లేదని చెప్పుఁడు" అన్నాఁడు. వైయాకరణునితో సూత్రము లేదనుట వంటబ్రాహ్మణునితో నుప్పు లేదనుటవంటిది. ఆ వేసవి సెలవులలో 73 భాగములును జూచితిని. కొన్ని ఘట్టములయందుఁ గన్నులు మూసికొంటినని మనవి చేయుట యవసరము.

వారి ప్రశ్నలో నిజమునకు రెండు ప్రశ్నలున్నవి. తుది బాగులేదని చెప్పుటకుఁ బ్రేక్షకున కధికారము కలదా? కలదేని యే కొలతతోఁ జెప్పవలెను? ఈ రెండింటికిని మన సీమలోనే సామగ్రి దొరకుచున్నది కావున ముందుగా దానిని జూపెదను. సింహాసనమును గడపట విచారించుకొందము.

1987 జనవరి 25 మొదలుకొని 1988 జులై 31 వఱకు ఆదివారము ప్రొద్దుటిపూట దూరదర్శనమున రామానంద్ సాగర్ నిర్మించిన హిందీ రామాయణము వచ్చెడిది. నే నప్పుడు ధర్మపురిలో సంస్కృతము చదువుకొనుచున్న బాలుఁడను. ఉర్దూ చెవిసోఁకి పెరిగిన సీమ కావున మావారికి హిందీ యడ్డురాలేదు. టెలివిజను పెట్టె వీథి కొకటి యుండెడిది. ఆ యింటివారు ప్రతి యాదివారము చాపలు పఱచి యుంచెడివారు. మొదట 52 భాగములకే యేర్పాటైన యా కథ జనుల యాదరమువలన 78 భాగములకుఁ బెరిగి, శ్రీరామపట్టాభిషేకముతో ముగిసెను. ముగిసినదని నిర్మాతలనుకొనిరి. పంజాబులోని జలంధరము మొదలగు నుత్తరదేశపు పట్టణములలో, వాల్మీకిమహర్షిని దమ గురువుగాఁ గొలుచు పారిశుద్ధ్యకార్మికులు పని మానివేసిరి. లవకుశుల కథ లేనిచో వాల్మీకికి దన కావ్యములోఁ జోటెక్కడ నున్నదని వారి వాదము. ఆలోచింపఁగా నిది సామాన్యవాదము కాదు. సీతకు నీడ యిచ్చిన వాఁడుగా, ఆమె బిడ్డలకు విద్య చెప్పిన గురువుగా, నిండుసభలో నామె పక్షమునఁ బలికిన సాక్షిగాఁ గవి తన కావ్యమునఁ బ్రత్యక్షమగుట యుత్తరకాండముననే కదా! వీథులలోఁ జెత్త పేరుకొనెను; ప్రభుత్వము దిగివచ్చెను; 1988 చివర మొదలై 1989లో నుత్తరరామాయణము ప్రసారమయ్యెను. పండితులు శతాబ్దములుగాఁ దేల్పలేని యుత్తరకాండ ప్రామాణ్యమును వీథు లూడ్చువారు చీపుళ్లు క్రింద పెట్టి తేల్చిరి.

మా యింటను నొక సమ్మె జరిగినది. అది వార్తాపత్రికల కెక్కలేదు. మా నాయనమ్మ యేఁటేఁట శ్రీరామనవమికి రామాయణపారాయణము చేయించెడిది. పట్టాభిషేకసర్గ ముగిసిన వెంటనే బాలకాండ ప్రథమసర్గ చదివించి నిలిపివేసెడిది. ఉత్తరకాండపుఁ బ్రతి యటుకమీఁదనే యుండెడిది. గృహస్థుల యింట దానిని జదువరాదని యామె నియమము. ఈ నియమము మా యొక్క యింటిది కాదని పాఠకు లెఱుఁగుదురు. మా మేనత్త భర్తచే విడువఁబడి, యిద్దఱు పిల్లలతోఁ బుట్టినిల్లు చేరి యప్పటికి నాలుగేండ్లు. ఉత్తరరామాయణము మొదలైన యాదివార మామె పొరుగింటికిఁ బోవుటకు లేచినది. నాయనమ్మ వలదన్నది. "అమ్మా, పట్టాభిషేకముతో నీ కథ ముగిసినది. నా కథ యక్కడనే మొదలైనది" అని మా యత్త చెప్పులు తొడుగుకొని పోయెను. ఆ దినము నాయనమ్మ భోజనము చేయలేదు. మఱునాఁటినుండి యెవరును దానినిగూర్చి మాటలాడలేదు. ప్రతి యాదివారము మా యత్త పోయి చూచి వచ్చుచునే యుండెను.

ఈ తల్లీకూఁతుండ్ర కిరువురకును వాల్మీకమునఁ బ్రమాణము కలదు. బాలకాండ ప్రథమసర్గలో నారదుఁడు చెప్పిన సంక్షేపమున సీతాపరిత్యాగము లేదు; పట్టాభిషేకము, రాజ్యవైభవము, బ్రహ్మలోకప్రాప్తి మాత్రమే కలవు. తృతీయసర్గలోని విషయానుక్రమణికలో వైదేహీవిసర్జనము స్పష్టముగాఁ బేర్కొనఁబడినది. చతుర్థసర్గ ఆఱు కాండములను జెప్పి, వానితోఁ గూడ నుత్తరమును లెక్కించినది. యుద్ధకాండము చివర ఫలశ్రుతి యున్నది గావున గ్రంథ మచ్చటనే సమాప్తమైనదని యొక పక్షము. ఆధునికపరిశోధకులలోఁ బెక్కండ్రు దీనివైపే మ్రొగ్గుదురు. ఆ చరిత్రవిచారమున నేనిపుడు ప్రవేశింపను. గ్రంథచరిత్రములోఁ దరువాత వచ్చినది కావ్యార్థములోఁ బరాయిది కావలెనను నియమము లేదు. తొమ్మిదవ శతాబ్దిలోఁ గాశ్మీరదేశమున నానందవర్ధనుఁడు ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతమునఁ జేసిన నిర్ణయము నాకిక్కడ ముఖ్యము.

ఆయన దృష్టిలో రామాయణమునకు నంగి కరుణరసము. కవి శోకమే శ్లోకమైనదని యుపక్రమమున సూచింపఁబడినది. సీత యాత్యంతికవియోగమువఱకుఁ బ్రబంధమును నడిపి కవి యా రసమును నిర్వహించెను. మీమాంసకులు తాత్పర్యమును నిర్ణయించు లింగములను లెక్కించుచు నుపక్రమోపసంహారముల యైక్యమును మొదటఁ బెట్టుదురు. ఉపక్రమమున వేఁటకాని బాణముచే విడిపోయిన క్రౌంచముల జంట. ఉపసంహారమున మరలఁ గలియని దంపతులు. పట్టాభిషేకమునొద్దఁ గావ్యమును గత్తిరించినచో నా క్రౌంచి యేడుపునకు సమాధానము లేదు. మహాభారతమున నంగి శాంతమని యాయనయే చెప్పెను. వృష్ణులకును బాండవులకును గలిగిన విరసమైన యవసానము వైరాగ్యమును బుట్టించుటకే కూర్పఁబడినదని యాయన యుపపత్తి. గెలిచినవారును నేమియు మిగుల్చుకొనక పోయిరని తెలిసినఁగాని యుద్ధకథ ముగియదు. మన బాసర స్థలపురాణము, కురుక్షేత్రయుద్ధానంతరము వ్యాసుఁడు శాంతిని గోరి గోదావరీతీరమున కరుదెంచి సరస్వతిని బ్రతిష్ఠించెనని చెప్పును. ఆ కథను జెప్పు పల్లెవాఁడు ధ్వన్యాలోకమును జదివియుండఁడు. అర్థమును మాత్ర మందుకొన్నాఁడు. 1988 అక్టోబరు మొదలు 1990 జూను వఱకు 94 భాగములుగా వచ్చిన బి. ఆర్. చోప్రా మహాభారతము మౌసలపర్వాదులు ప్రదర్శింపకయే ముగిసెను. ఆ లోపమునకై సమ్మెలు పుట్టలేదు. విరసమును గోరి వీథి కెక్కువారుండరు.

తుదిని మార్చినవారిలో భవభూతి గొప్పవాఁడు. ఉత్తరరామచరితమున సీతారాములకుఁ బునస్సమాగమము కల్పించెను. ఎట్లు కల్పించెనో చూడవలెను. సప్తమాంకమున వాల్మీకి రచించిన రూపక మొకటి గర్భాంకముగాఁ బ్రదర్శింపఁబడును. అందుఁ బ్రేక్షకుఁడు స్వయముగా రాముఁడే. తన భార్య పడిన పాట్లను రంగమునఁ జూచి రాముఁడు మూర్ఛిల్లును. అప్పు డరుంధతి సీతను దెచ్చి, పౌరజానపదుల నడిగి, వారి యంగీకారము పొందిన తరువాతనే యామెను రాముని కొప్పగించును. లోకాపవాదమువలన విడువఁబడిన సీతను లోకము సమక్షముననే మరలఁ జేర్చవలెనని కవి తెలిసికొన్నాఁడు. ప్రేక్షకున కధికారము కలదా యను మొదటి ప్రశ్నకు నా కింతకంటె గొప్ప సమాధానము దొరకలేదు. ప్రేక్షకులయెదుట, ప్రేక్షకునికొఱకు, ప్రేక్షకుల సమ్మతితోఁ దుది మాఱిన నాటక మది.

తెలుఁగుకవులును నీ విషయమున నేకాభిప్రాయులు కారు. భాస్కరరామాయణము, మొల్లరామాయణము పట్టాభిషేకముతో నిలిచినవి. గోన బుద్ధారెడ్డి రంగనాథరామాయణమును యుద్ధకాండముతో నాపఁగా, కుమారులు కాచవిభుఁడును విఠలరాజును ద్విపదలోనే యుత్తరకాండమును బూరించిరి. తిక్కనసోమయాజి చేసినది మఱియును విచిత్రము. నిర్వచనోత్తరరామాయణమున నుత్తరకథను మాత్రమే చేపట్టి, పదియాశ్వాసములు నడిపి, శ్రీరామనిర్యాణమును మాత్రము వదలివేసెను. ఆ భాగమును దరువాత జయంతి రామభట్టు వ్రాసి చేర్చెను. ఈ తిక్కనయే భారతమును జేపట్టినప్పుడు మౌసలమును, మహాప్రస్థానమును, స్వర్గారోహణమును దప్పక నడిపెను. మొదటి కృతికి భర్త మనుమసిద్ధి, రెండవదానికి హరిహరనాథుఁడు. నరపతి కంకితమిచ్చు కావ్యమున నాయకనిర్యాణ మమంగళమని శంకించి యుండునని నా యూహ. దేవుని కంకితమిచ్చునపు డా శంక యక్కఱలేదు కదా! కవి యెవరి ముఖము చూచి కథ ముగించుచున్నాఁడో యను ప్రశ్న యిక్కడ మొదటిసారి మనకుఁ దగులుచున్నది.

ఆ ప్రశ్న మన సీమలో నంతకు మూఁడు శతాబ్దములకు ముందే పుట్టియుండెను. నేఁడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోఁ జేరిన వేములవాడ, రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులకు రాజధాని. అక్కడ రెండవ యరికేసరి యాస్థానమునఁ బదవ శతాబ్దిలో, సుమారు 941 ప్రాంతమున, పంపకవి కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. పంపభారత మనునది దీనికే పేరు. కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాలయొద్ద బొమ్మలగుట్టపై నాతని తమ్ముఁడు జినవల్లభుఁడు చెక్కించిన శాసనము సంస్కృత, కన్నడ, తెలుఁగు భాషలు మూఁటను గలది. అందలి మూఁడు కందపద్యములు నన్నయకుఁ బూర్వపుఁ దెనుఁగుపద్యములకు సాక్ష్యములని పరిశోధకు లెఱిఁగినదే. మా విద్యార్థులను నే నా గుట్ట కెక్కించి తమ్ముని పద్యములు చదివింతును. అన్న చేసిన సాహసమును మాత్రము వారికిఁ జెప్పువారు తక్కువ.

పంపఁడు తన ప్రభువగు నరికేసరి నర్జునునితో నభేదముగా వర్ణించెను. అందువలన నాతని భారతమున ద్రౌపది కర్జునుఁడొక్కఁడే భర్త. యుద్ధానంతరము సింహాసన మెక్కినవాఁడు ధర్మరాజు కాఁడు, అర్జునుఁడు. ప్రక్కనఁ గూర్చుండినది సుభద్ర. పదునెనిమిది పర్వముల మహాకథను మార్చి, తుదను వేఱొకరికిఁ గిరీటము పెట్టినాఁడు! విజ్ఞాపనపత్రములు లేని కాలము గనుకఁ బంపఁడు బ్రతికిపోయెనని మా మేనల్లుఁడు నవ్వెను. నవ్వవలసిన విషయము కాదని వానికిఁ జెప్పితిని. పంపఁడు తుదిని మాత్రమే మార్చియుండినచోఁ దప్పక దోషి. అతఁడు మొదటినుండియు మార్చెను. కావ్యముఖముననే యర్జునుఁడు నాయకుఁడని ప్రతిజ్ఞ చేసి, వివాహమును దదనుగుణముగాఁ దిద్ది, ప్రతి యాశ్వాసమున నా బీజమునకు నీరు పోసి, పదునాలుగవ యాశ్వాసమున ఫలమును గోసికొన్నాఁడు. సంధిదోషము లేదు. పోయిన దొక్కటి కలదు: వ్యాసుని శాంతము. రాజు మెచ్చవలసిన కథలో గెలుపు వ్యర్థమని చెప్పుటకుఁ జోటుండదు. అయినను భారతమునఁ దలఁపవలసిన వాఁడొక్కఁడున్నచో నాతఁడు కర్ణుఁడేయను భావము నా కవియే ప్రకటించెను. గెలిచినవానికిఁ గిరీటమిచ్చి, యోడినవానికిఁ దన హృదయము నిచ్చినట్లు నాకుఁ దోఁచును.

ఇఁక రెండవ ప్రశ్న. భరతుఁడు నాటకేతివృత్తమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అను నైదు సంధులను జెప్పెను. బీజము ముఖమునఁ బడి, కనఁబడుచు మఱుఁగుపడుచుఁ బెరిగి, విమర్శమున సంకటమునఁ జిక్కి, నిర్వహణమున ఫలించును. ఇది యెల్లరు నెఱిఁగినదే. కావ్యము గోపుచ్ఛాగ్రమువలె నుండవలెనని యాయనయే చెప్పిన మాటకు మాత్ర మర్థమున వివాద మున్నది. ఆవు తోఁక మొదట లావై చివర సన్ననగునట్లు అంకములు క్రమముగాఁ గుఱుచ కావలెనని కొందఱి వ్యాఖ్యయని సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు చూపెను. వేఱొక వ్యాఖ్యను గూడ నాతఁ డక్కడనే యిచ్చెను. ఆవు తోఁకలో వెండ్రుకలు కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. అట్లే కథలోని కార్యములు కొన్ని ముఖముననే ముగియవలెను, కొన్ని ప్రతిముఖమున, కొన్ని యాపైని. కడవఱకు వచ్చునవి కొన్నియే కావలెను. పసులఁ గాచిన వారికి రెండవ వ్యాఖ్యయే నచ్చును; తోఁక సన్నబడుట యా పొట్టివెండ్రుకలు ముందే యాగిపోవుటవలననే కదా.

ఈ రెండు వ్యాఖ్యల భేదము నా మేనల్లుని సింహాసనకథయందుఁ గన్నులకుఁ గట్టినట్లు కనఁబడినది. మొదటి యాఱు విభాగములకు పదేసి భాగములు, ఏడవదానికి ఏడు, ఎనిమిదవదానికి ఆఱు. చివరిభాగములలోఁ గొన్నింటి నిడివి హెచ్చినమాట నిజమే. అయినను మొత్తముమీఁద తోఁక సన్నబడినది. మొదటి వ్యాఖ్య ప్రకారము లక్షణము కుదిరినది! రెండవ వ్యాఖ్య ప్రకారము చూచినచోఁ బొడుగు వెండ్రుక లన్నియు నొక్కచోటికి రాఁగానే కత్తిరించినట్లున్నది. మొదటిభాగపు మొదటిదృశ్యముననే కనఁబడి యెనిమిదేండ్లు భయపెట్టిన ప్రేతసైన్యము చివరివిభాగపు మూఁడవభాగమున నొక్క రాత్రిలో నశించెను. ఆ తరువాత మూఁడే భాగములలో రాణి యున్మాదము, నగరదహనము, ఆమె వధ, సింహాసనభంగము, క్రొత్తరాజు నెన్నిక.

నిర్మలు ఉపాధ్యాయుఁడు ముగింపును సమర్థించువాఁడు. అతని వాదమున బలము లేకపోలేదు. దాసులను విడిపించిన డెనేరిస్ అను రాజపుత్రి లొంగిపోయిన నగరమును గాల్చుట యాకస్మికము కాదనెను. నాలుగవ విభాగముననే యామె యొక నగరపుఁ బ్రభువులను శిలువలకుఁ గొట్టించినది, ఏడవదానిలో నోడిన తండ్రీకొడుకులను సర్పముచే దహింపించినది. బీజ మున్నది గదా? ఉన్నది. రాజ్యము బ్రాన్ అను కుంటిబాలునికిఁ జెందుటయు సంగతమే యనెను. మొదటిభాగము వాఁడు బురుజుమీఁదినుండి త్రోయఁబడుటతోనే ముగిసినది. ఉపక్రమోపసంహారముల యైక్య మున్నది గదా? ఇది విని, నే జెప్పవలసిన మాట యతఁడు చెప్పెనని సంతోషించితిని. అయితే బీజమును దుదిని గలుపు దారము బిందువు. ఇతరవృత్తాంతములచేఁ గథ తెగినపుడు మరలఁ గూర్చునది యది. ఫలభోక్తయగు నా బాలుఁడు ఐదవ విభాగమున నొక్క భాగమునను గనఁబడఁడు. రాముఁడు కనఁబడని కాండ మొకటి రామాయణమునఁ గలదా? సుందరకాండమున సైత మాయనకొఱకే సముద్రము దాఁటుట. బ్రాన్ కొఱకు నెవరును నేమియు దాఁటలేదు.

డెనేరిస్ విషయమునఁ గొఱత వేఱు. క్రోధమువలనఁగాని, వ్యసనమువలనఁగాని, విలోభనమువలనఁగాని కార్యమునుగూర్చి పర్యాలోచనము జరుగు సంధి విమర్శమని ధనంజయుఁడు దశరూపకమునఁ జెప్పెను. ఆమెకుఁ గ్రోధ మున్నది, వ్యసన మున్నది. చెలికత్తె తల నఱకఁబడుట చూచినది. లేనిది పర్యాలోచనము. గంటలు మ్రోగినవి, ఆమె ముఖము మాఱినది, నగరము కాలినది. నడుమ నామె మనస్సులోఁ బ్రేక్షకునికి నిలువఁ జోటు దొరకలేదు. నిర్వహణమున నద్భుతరస ముండవలెనని భరతుఁడనఁగా నిర్మాతలు దాని నాకస్మికమని తలఁచినట్లున్నది. చూచినపుడు విస్మయము, చూచిన తరువాత "ఔను, ఇట్లే కావలె" నను నెమ్మది. ఈ రెండును గూడినదే యద్భుతము. మా వ్యాకరణమున దీనికి దృష్టాంతము చెప్పెదను. పాణిని శాస్త్రసౌకర్యమునకై హ్రస్వాకారమును వివృతముగా భావించి, సుమారు నాలుగువేల సూత్రములు నడిపి, కట్టకడపటి సూత్రమున దానిని మరల సంవృతము చేసెను. మొదటఁ దీసికొన్న యప్పును చివరఁ దీర్చుట యన్నమాట. ఆ ధారావాహిక చేసిన యప్పులు పెద్దవి. తీర్చుటకు దినములు చాలలేదు.

కావున నా తీర్పు మేనల్లునికిఁ గొంతయు, స్నేహితునికిఁ గొంతయు ననుకూలము. తుదియందలి ఫలము తప్పు కాదు. ఫలమునకు ముందు సంధి లోపించినది. మరల వ్రాయవలసినది చివరివిభాగము కాదు, దానికి ముందుండవలసి లేకపోయిన విభాగము. 15 లక్షల చేవ్రాళ్లు తగని చోటఁ బడినవి.

ఇంతలో నా యుపాధ్యాయుఁడు నన్నే పట్టుకొనెను. "పంతులుగారూ, మీ యుత్తరకాండమున విమర్శసంధి యెక్కడ? భద్రుఁడు లోకాపవాదము చెప్పెను. రాముఁడు తమ్ములను బిలిచెను. సీత యడవికిఁ బోయెను. రెండుమూఁడు సర్గలు! గంటలు మ్రోగినంతసేపేకదా?" అనెను. సభలో నిట్టి పూర్వపక్షము వచ్చినచో నేను బహుమానమిచ్చెడివాఁడను. ఆ రాత్రి నాకు వెంటనే సమాధానము తోఁచలేదు. తెల్లవాఱినపిదపఁ దోఁచినది. ఆ విమర్శము యుద్ధకాండముననే జరిగినది. రావణవధానంతరము సీత యెదుటికి వచ్చినపుడు రాముఁడు పలికిన పరుషవాక్యములు, లోకము నెదుట నామె యగ్నిప్రవేశము. సందేహ మక్కడ నోరు తెఱచినది. అగ్ని దానిని శమింపఁజేసెనని రాముఁడు తలఁచెను, లోకము తలఁపలేదు. పట్టాభిషేకమునొద్ద నాగు కావ్యమున నా యొక్క పొడుగువెండ్రుక నడుమఁ దెగిపోవుచున్నది. మా నాయనమ్మ చేయించినది వ్రతముగా సంపూర్ణము, కావ్యముగాఁ గాదు. ఈ మాట నామె బ్రతికియుండఁగా నే ననఁగలిగియుండెడివాఁడను కాను.

2020 మార్చి 28 మొదలు, ఊళ్లన్నియుఁ దలుపులు మూసికొన్న దినములలో, దూరదర్శనము సాగర్ రామాయణమును మరలఁ బ్రసారము చేసెను. ఏప్రిల్ నెలలో నుత్తరరామాయణమును వచ్చెను. ఈసారి పొరుగింటికిఁ బోవలసిన పని లేదు. డెబ్బదేండ్లు దాఁటిన మా యత్త మా యింటనే కూర్చుండి చూచెను. మేనల్లుఁడు ప్రక్కనఁ గూర్చుండి యామెకుఁ గథ మధ్యలోఁ దన సింహాసనపుఁ గథను జెప్పుచుండెను. సీత భూమిలోనికిఁ బోయిన దినమున నామె, "అటుకమీఁది పుస్తకము దింపించు నాయనా, నేను చదువుకొందును" అన్నది. దింపితిని. వస్త్రము కట్టినది కట్టినట్లే యున్నది. లోపల భూప్రవేశసర్గ మొదలు చివరివఱకుఁ బత్రములను జెద తినివైచినది. వేఱొక ప్రతి తెప్పించి, లోపించిన సర్గలను బెద్దయక్షరములతో వ్రాసి, కుట్టి, యామె చేతికిచ్చితిని.